పొగయుఁ బొగత్రాగువాఁడును

మనుష్యుల చేష్టలలోఁ గొన్ని యెల్లకాలమును దోషములే. కొన్ని యెల్లకాలమును గుణములే. ఈ రెంటికిని నడుమ మఱియొక తెగ కలదు. అందుఁ జేష్ట మాఱదు. దానిని జూచు లోకము కన్ను మాఱును. నిన్న మర్యాద యనిపించుకొన్నది నేఁడు మోటుతన మనిపించుకొనును. పొగత్రాగుట యిట్టిది. ఏఁబదియేండ్ల క్రిందట అరుగుమీఁదఁ గూర్చుండి చుట్ట కాల్చిన వృద్ధుఁడు ఊరికిఁ బెద్దమనుష్యుఁడు. నేఁడు బస్సు నిలుచు తావున చుట్ట ముట్టించిన వృద్ధునిఁ జూచి పదిమంది ముక్కులకుఁ గొంగు లడ్డము పెట్టుకొందురు. చుట్ట యదే, పొగ యదే, మాఱినది మనము. ఈ మార్పు మంచిదే యని నా నమ్మకము. కాని మాఱినవారు మాఱనివానితో నెట్లు మెలఁగవలయును? మాఱనివాఁడు మాఱినవారి నడుమ నెట్లు నిలువవలయును? ఈ రెండు ప్రశ్నలను మనము తగినంతగా విచారించినట్లు తోఁపదు. తాతయో, తండ్రియో, మేనమామయో, అల్లుఁడో పొగత్రాగువాఁడు లేని కుటుంబములు మనలో నరుదు. కావున నిది శాసనసభలకు విడిచి యూరకుండఁదగిన విషయము గాదు, ఇంటింట విచారింపఁదగినది.

ముందుగా మన పూర్వమర్యాదను దలఁచుకొందము. పొగాకు మన దేశపు మొక్క కాదు. అది అమెరికా ఖండమునఁ బుట్టి పోర్చుగీసు వర్తకుల యోడలతో మన తీరములకు వచ్చినది. పదునేడవ శతాబ్దపు మొదట బీజాపురమునుండి అక్బరు కొలువునకుఁ బోయినది. 1617లో జహాంగీరు దానిని నిషేధించెను గాని యా నిషేధము నిలువలేదు. చరకసంహితయందు ధూమపానము చెప్పఁబడలేదా యని మన సంస్కృతజ్ఞులలోఁ గొంద ఱీ యాకునకుఁ బ్రాచీనత నంటఁగట్టఁ జూతురు. చరకుఁడు చెప్పినది సుగంధద్రవ్యములతోఁ జేసిన వర్తి. దానిని కాలనియమముతో, మితముతో, ఔషధముగాఁ బీల్పవలయును. చరకుఁ డెన్నఁడును గని విని యెఱుఁగని యాకును జరకునిపై మోపుట న్యాయము గాదు.

ఐనను వచ్చిన కొలఁదికాలమునకే యీ పరదేశి మన యింటివాఁ డైనాఁడు. పొగాకు అను తేట తెలుఁగు పేరు పెట్టి యాదరించితిమి. గోదావరి లంకలలోఁ బండిన పొగాకుచుట్టకు రుచి యెఱిఁగినవారిలో గొప్ప పేరు. చుట్టను మోటని యీసడించిన పండితుఁడు పొడుముడబ్బీ లేనిదే పాఠము చెప్పలేఁడు. పెండ్లివిడిదిలో మగపెండ్లివారి ముందు తాంబూలపుఁ బళ్ళెరముతోఁ గూడ సిగరెట్టు పెట్టెలు నుంచుట యొకప్పుడు మర్యాద. మఱచినచో నలుకలకుఁ గారణము. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమున గిరీశమువలన వేంకటేశమునకు నిక్కముగా నబ్బిన విద్య చుట్ట కాల్చుట యొక్కటియే. దానికిఁ దరతరముల చదువరులు నవ్విరి. ఆ నవ్వు గిరీశము మోసముపైఁ గాని చుట్టపైఁ గాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణపుఁ దీరపల్లెలలో స్త్రీలు నిప్పుకొనను నోటిలోపలి కుంచుకొని అడ్డపొగ త్రాగుట తరములుగా వచ్చిన యాచారము. ఆ పల్లెలలో దాని నెవరును దప్పు పట్టలేదు. ఇట్లు పండితుఁడు, పామరుఁడు, స్త్రీ, పురుషుఁడు అను భేదము లేక పొగాకు మన నోట, ముక్కున, విందున, వీథిలో నెలకొన్నది.

ఈ మర్యాద యొక్కనాఁటఁ గూలలేదు. 1950లో ఇంగ్లండున డాల్, హిల్ అను నిరువురు శాస్త్రజ్ఞులు సిగరెట్టునకును, ఊపిరితిత్తుల కాన్సరునకును గల సంబంధమును లెక్కలతోఁ జూపిరి. 1964లో అమెరికా ప్రభుత్వపు సర్జన్ జనరల్ వెలువరించిన నివేదిక యా మాటను లోకమునకుఁ జాటినది. మన దేశమున 1975 నాఁటి చట్టము సిగరెట్టు పెట్టెలపై హెచ్చరికను ముద్రింపించినది. 1981లో జపాను దేశీయుఁడైన హిరయామా, తాము పొగత్రాగకున్నను బొగత్రాగు మగనితోఁ గాపురము చేయు నిల్లాండ్రకుఁ గూడ నీ వ్యాధిభయ మెక్కువ యని చూపెను. 2003లో మన దేశమునఁ గ్రొత్త చట్టము వచ్చినది. 2008 అక్టోబరు 2వ తేదినుండి బహిరంగస్థలములఁ బొగత్రాగరాదను నియమములు గట్టిగా నమలులోనికి వచ్చినవి. 2009నుండి పెట్టెలపై బొమ్మల హెచ్చరికలు వెలసినవి. 2016నుండి యవి పెట్టెలో నూటికి 85 వంతుల మేర నాక్రమించినవి. 2012నుండి వెండితెరపై నాయకుఁడు సిగరెట్టు ముట్టించిన తోడనే క్రింద హెచ్చరిక ప్రత్యక్షమగుచున్నది. దేశమంతట జరిపిన సర్వేలనుబట్టి పొగత్రాగు వయోజనులు 2009-10లో నూటికి 14 మంది, 2016-17లో 10.7. ఒకతరము తిరుగునంతలో నింత మార్పు మన సంఘచరిత్రమున నరుదు.

ఈ మార్పు న్యాయమైనదేనా? నిస్సంశయముగా న్యాయమైనదే. "నా నోరు, నా డబ్బు, నా ఊపిరి, ఇందు నీకేమి పని?" యని పొగత్రాగువాఁడు ప్రశ్నించుట కలదు. స్వేచ్ఛను బ్రేమించువారి కీ ప్రశ్న కొంత యింపుగాఁ గూడఁ దోఁచును. కాని యిం దొక పొరపాటు గలదు. తిన్న యన్నము తిన్నవాని కడుపులోనే యుండును. త్రాగిన పొగ త్రాగినవాని రొమ్ములో నిలువదు. పొగకుఁ గంచె లేదు. అది ప్రక్క మంచమున నిద్రించు బిడ్డను లేపి యనుమతి యడుగదు, వంటయింటనున్న యిల్లాలిని "నీ ఊపిరిలో నాకు భాగమిత్తువా?" యని ప్రార్థింపదు. ఒకని స్వేచ్ఛ రెండవవాని ముక్కుపుటములకడ నంతము గావలసినదే. మఱియు నీ స్వేచ్ఛ యెట్టిదో కూడఁ జూడవలయును. పొగత్రాగువారిలోఁ బెక్కురు బుద్ధి పరిపక్వము గాకమున్నే, పదునెనిమిదేండ్లు నిండకమునుపే మొదలు పెట్టినవారు. పీల్చిన పొగలోని నికొటిను కొలఁది క్షణములలో మెదడును జేరి మఱల మఱలఁ దన్ను గోరఁజేయును. బాలుఁడు పెట్టిన సంతకమునకు వృద్ధుఁడు జీవితాంతము వడ్డి కట్టుచుండఁగా దానిని స్వేచ్ఛ యనుట మాటను జెఱచుట.

కావునఁ బొగను దూరముగా నుంచుట సంఘమునకు హక్కు, ధర్మముకూడ. ఇంతవఱకు సందేహము లేదు. సందేహ మిటుపైనిదే. పొగపై మనకుఁ గలిగిన యేవగింపు క్రమక్రమముగాఁ బొగత్రాగువానిపై నీసడింపుగా మాఱుచున్నది. వాఁడు బుద్ధిహీనుఁడు, మొఱకు, మనోబలము లేనివాఁడు, దుర్వాసనగలవాఁడు అని చదువుకొన్న యిండ్లలో మాటలు వినఁబడుచున్నవి. ఈ యీసడింపును గూడ మన మొక సుగుణముగా నెంచుకొనుచున్నాము. నేను జెప్పఁదలఁచిన దిక్కడనే కలదు: పొగను ద్వేషించుట వేఱు, పొగత్రాగువానిని దిరస్కరించుట వేఱు. మొదటిది జ్ఞానమువలనఁ గలిగినది. రెండవది పలుమాఱు కాలపుఁ బోకడవలనఁ గలుగుచున్నది. నాఁడు పదిమంది పెట్టుచున్నారని విడిదిలో సిగరెట్టు పెట్టెలు పెట్టిన తండ్రియు, నేఁడు పదిమంది దూఱుచున్నారని సిగరెట్టువానిని దూఱు కొడుకును ఒక్క యజమానునకే దాస్యము చేయుచున్నారు. ఆ యజమానుఁడు లోకమే గాని వివేకము గాదు.

ఈ తిరస్కారమునందు నాకు మూఁడు లోపములు గానవచ్చుచున్నవి. మొదటిది పక్షపాతము. బహిరంగస్థలములఁ బొగను నిషేధించిన 2003 నాఁటి చట్టమే, ముప్పది గదులుగల హోటళ్ళలోను, ముప్పదిమందియో యంతకు మించియో కూర్చుండఁదగిన భోజనశాలలలోను, విమానాశ్రయములలోను బొగత్రాగువారికిఁ బ్రత్యేకస్థల మేర్పఱుప ననుమతించినది. బస్సుస్టాండులో మూటలు మోయు కూలివాని కట్టి గది లేదు. వాని కున్నది 200 రూపాయలవఱకు రుసుము. పెద్దదొర పీల్చు విలాయతి చుట్ట రసికత. కూలివాని బీడీ కంపు. అడ్డపొగ త్రాగు పల్లెముదుసలిని జూచి పట్టణవాసులు విడ్డూరముగా ఫొటోలు తీయుదురు. ఆమె అంగిలిని బరీక్షింపించుకొమ్మని చెప్పువారు తక్కువ. అడ్డపొగవలన నంగిట పుండ్లును గాన్సరును గలుగునని వైద్యులు చాలకాలము క్రిందటనే కనిపెట్టిరి. ఇఁక పట్టణమున యువతి యొకతె సిగరెట్టు ముట్టించినచో మన నాలుకల కడ్డే లేదు. మగవాఁడు త్రాగినప్పుడు "ఆరోగ్యము చెడును" అందుము. ఆఁడుది త్రాగినప్పుడు "నడవడి చెడినది" అందుము. ఊపిరితిత్తులకు స్త్రీపురుషభేదము లేదు. ఒకే చేష్ట యొకరియందు రోగము, ఒకరియందుఁ బాప మగుచున్నదన్నచో మనము దూఱుచున్నది పొగను గాదు. పొగ నెపముగా మన పాతద్వేషములనే వెళ్ళఁబోసికొనుచున్నాము.

రెండవది కృతఘ్నత. నేను బొగత్రాగువాఁడను గాను. కాని ప్రకాశము జిల్లా నల్లరేగడి నేలలోఁ బొగాకు పండించిన యింటఁ బుట్టినవాఁడను. ఆకు కోఁతలనాఁడు మా యమ్మ చేతులు జిగురుతో నల్లబడి యుండెడివి. మంచుతడి యాఱని యాకు కోసిన కూలిస్త్రీలు తల త్రిప్పి వాంతులు చేసికొనెడివారు. ఆకులోని నికొటిను తడితోఁ జర్మమునఁ జొచ్చుటయే దానికిఁ గారణమని తరువాతఁ దెలిసినది. బ్యారనులో నాకు కఱ్ఱల కెక్కించి రేయుంబవళ్ళు మంట చూచుకొనుచు మా నాయన నిద్ర మానెడివాఁడు. వేలములో మంచి ధర పలికిన యేఁట నాకుఁ గ్రొత్తపుస్తకములు. పలుకని యేఁటఁ బాతవి. నేను నేర్చిన రఘువంశమును, షేక్స్పియరును ఆ యాకు డబ్బుతోనే నేర్చితిని. నావంటివారు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో వేలకొలఁది గలరు. ఉపాధ్యాయులు, వైద్యులు, ఇంజనీర్లు, సముద్రములు దాఁటిపోయినవారు. తెలంగాణమున నిజామాబాదు, జగిత్యాల ప్రాంతముల గడపలలోఁ గూర్చుండి తునికియాకులోఁ బొగాకు చుట్టి వేయి బీడీలకింత యని కూలి పుచ్చుకొని బిడ్డలను జదివించు తల్లులు లెక్కకు మిక్కిలి. ప్రభుత్వపు తీరు చూడుఁడు: సిగరెట్టు పెట్టెపై హెచ్చరిక ముద్రింపుమన్న చట్టమును, పొగాకు వ్యాపారమును వృద్ధిచేయు పొగాకుబోర్డును గుంటూరున నెలకొల్పఁజేసిన చట్టమును రెండును 1975లోనివే. ఒకచేత హెచ్చరిక, రెండవచేత వేలముపాట! పండించినవాఁడు, చుట్టినది, అమ్మినవాఁడు, పన్ను గైకొన్నవాఁడు అందఱును నిర్దోషులై, తుదకుఁ గాల్చినవాఁడొక్కఁడే దోషి యగుట యే ధర్మశాస్త్రము? పాప మనుట కిష్టపడినచో నది యుమ్మడి యాస్తి, పంచుకొనవలసినదే.

మూఁడవది నిష్ఫలత. తిరస్కారమునకు జడిసి మానినవా రుందురు, కాదనను. కాని జడిసి దాఁచినవా రంతకంటె నెక్కువ యని నా యనుభవము. దాఁచినవాఁడు భార్యకు దాఁచును, బిడ్డలకు దాఁచును, కడపట వైద్యునకు గూడ దాఁచును. "దగ్గు ఎన్నాళ్ళనుండి?" యని వైద్యుఁ డడిగినప్పుడు నిజము చెప్పలేని సిగ్గు ప్రాణాంతకము. రోగిని సిగ్గుపఱచి రోగమును మాన్పిన వైద్యశాస్త్రము లేదు.

"నింద తొలఁగించినచో బాలురకు భయము పోవదా? లోకము సిగ్గుపఱచుటచేతనే గదా పొగ తగ్గినది?" యని విజ్ఞు లడుగవచ్చును. ఇది తోసిపుచ్చఁదగిన యాక్షేపము గాదు. మా పాఠశాలలో జరిగిన యొక సంగతి చెప్పెదను. తొమ్మిదవ తరగతి బాలుఁ డొకఁడు ప్రహరిగోడ చాటున సిగరెట్టు కాల్చుచుఁ బట్టుపడెను. తోడి యుపాధ్యాయులలోఁ గొందఱు వానికి టీసీ యిచ్చి పంపివేయుఁడనిరి. తండ్రిని బిలిపించితిమి. ఆయన వచ్చి మా యెదుటనే కొడుకును దిట్టిపోసెను. ఆయన చొక్కాజేబులో సిగరెట్టు పెట్టె మా కందఱకును గనఁబడుచునే యున్నది. ఇది నీకు మొదట నెక్కడ దొరకెనని ప్రధానోపాధ్యాయులు బాలుని నడుగఁగా, "నాన్నగారికి కొట్టునుంచి తెచ్చేది నేనేనండీ, దోవలో ఒకటి తీసుకున్నాను" అని వాఁడు నేల చూచుచుఁ జెప్పెను. తండ్రి కొంచెము తడఁబడి, "నా సంగతి వేరు మాస్టారూ, వాడు చదువుకొనేవాడు" అనెను. ప్రధానోపాధ్యాయులు మెల్లగా, "మీ సంగతి మీ యిష్టమండీ. ఇకనుంచి మీ సిగరెట్లు మాత్రం మీరే తెచ్చుకోండి, ఇంట్లో కాల్చకండి" అనిరి. పదునెనిమిదేండ్లు నిండనివారి కమ్మరాదనియు, పాఠశాలకు నూఱు గజములలోపల నమ్మరాదనియుఁ జట్టము చెప్పుచుండఁగా, ఆ కొట్టువాఁడు రోజును దానిని దాఁటుచుండెను. రోజును దాఁటించుచున్నది తండ్రి. బాలుఁడు బడి విడువలేదు. పదవ తరగతి గట్టెక్కినాఁడు. తండ్రి నేఁటికిని గాల్చుచున్నాఁడు. కాని వీథికొసవఱకు నడిచిపోయి, తన సిగరెట్టును దానే కొని, యక్కడనే కాల్చి, నోరు పుక్కిలించి యింటికి వచ్చుచున్నాఁడని తెలిసినది. ఇది గొప్ప విజయ మని చెప్పను. ఐనను టీసీ యిచ్చియున్నచో నింతమాత్రమును జరుగకపోయెడిది. బాలుఁడు బడి చాటునుండి వీథి చాటునకుఁ బోయెడివాఁడు.

కావునఁ బై యాక్షేపమునకు నా యుత్తర మిది: చేష్టకు సిగ్గు ఉండవలసినదే, మనిషికిఁ దిరస్కారము గూడదు. "ఇక్కడఁ గాల్పవలదు" అనుట యొక యెల్లను జూపుట. "నీవంటివాఁ డిక్కడ నుండవలదు" అనుట మనిషిని వెలివేయుట. ఎల్ల చూపిన చోట మనిషి నిలిచి యాలోచించును; వెలివేసిన చోట వాఁ డెదురు తిరుగును, లేదా దాఁగును. వెలివేయుట మనకుఁ గ్రొత్త విద్య గాదు. వితంతువును, అంటరానివారన్న పేరు పెట్టినవారిని వెలివేసి మన సంఘము చేసికొన్న గాయము లింకను మానలేదు. అట్టి సంఘము మఱియొక తెగను వెదకికొని దూరముగాఁ గూర్చుండఁబెట్టుటకుఁ ద్వరపడరాదు.

ఇఁక నుభయులకును గల ధర్మము లేవి? పొగత్రాగువాఁడు మొదట స్వేచ్ఛ యను మాట చాటునుండి వెలుపలికి రావలయును. కట్టుపడినవాఁడు కట్టుపడితి ననుటలో నవమానము లేదు. ఇంట, బండిలో, బిడ్డ యున్న గదిలోఁ గాల్పరాదు. బిడ్డను గొట్టునకుఁ బంపరాదు. వైద్యునికడ దాఁపరాదు. "ఇన్నేండ్లు కాల్చితిని, ఇఁక మానిననేమి?" యను నిరాశయు విడువవలయును. ఆ డాల్ పండితుఁడే సహకారులతోఁ గూడి యేఁబదియేండ్లు బ్రిటిషు వైద్యుల జీవితములను బరిశీలించి 2004లోఁ బ్రకటించిన లెక్క యున్నది: విడువక కాల్చినవారు సగటునఁ బదియేండ్ల యాయువును గోల్పోయిరి, ముప్పదవయేఁట మానినవా రించుమించుగా నా పదియేండ్లును దక్కించుకొనిరి, నలువదవయేఁట మానినవారు తొమ్మిది, ఏఁబదవయేఁట మానినవా రాఱు, అఱువదవయేఁట మానినవారు మూఁడు. అఱువదియేండ్ల తాతకు మూఁడేండ్లనఁగా మనుమని యక్షరాభ్యాసము, మనుమరాలి పెండ్లి. అది తక్కువ లాభమా?

పొగత్రాగనివాఁడు దూఱునప్పుడు పొగను దూఱవలయును గాని మనిషిని గాదు. మానఁగోరువాని కలసటయు, కోపమును, నిద్రలేమియుఁ గొన్నివారములు సహజములని యెఱిఁగి యింటివా రోర్చుకొనవలయును. రెండుమాఱులు తప్పినవానిని మూఁడవమాఱు ప్రయత్నింపు మనవలయును. బడిపంతులు పొగాకు చెఱుపునే గాక దాని నమ్మకమునఁ దీయు వ్యాపారపు నేర్పును గూడఁ బిల్లలకుఁ దెలుపవలయును. పొగాకు డబ్బుతోఁ బైకి వచ్చిన నావంటివాఁడు పొగను నిందించునప్పుడు, అప్పటి కింకను బ్యారనుకడ మేలుకొనియున్న రైతునకును, గడపలో బీడీలు చుట్టు తల్లికిని వేఱు జీవనోపాయమును జూపుఁడని యంతే గట్టిగాఁ గోరవలయును. ఆ కోర్కె లేని నింద చవుకబేరము. అందు మన చేతి డబ్బు పైసయుఁ బోదు.

కడపట నొక్కమాట. లోకము కన్ను నేఁటితో మాఱుట మానదు. నేఁడు మనము మర్యాద యనుకొని చేయుచున్న పనులలో నేదో యొకటి మన మనుమల కసహ్యము పుట్టించును. అది యేదియో మన కిప్పుడు దెలియదు. తెలిసినచో నిప్పుడే మానుదుము గదా. ఆ దినమున వారు మన యలవాటును గట్టిగాఁ గాదనవచ్చును. మన చేతినుండి లాగివేయవచ్చును. అందుకు వారికి హక్కు గలదు. కాని మనలను మాత్రము మంచము ప్రక్కనుండి లేచిపోకుండ జూడవలయునని మనము కోరుకొందుము. ఆ ప్రక్కన కూర్చుండుట యెట్లో వారు మననుండియే నేర్వవలసి యున్నది. దానిని నేఁడు వీథికొసను సిగరెట్టు కాల్చి తల వంచుకొని యింటికి వచ్చుచున్న యొక తండ్రియందుఁ జూపుదము.